ధర్మవరంలో నాకు కెర్నెల్ మార్చారు

నేను ఒక పాత కంప్యూటర్ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. రెండు ఆఫీసులు వాడి వదిలేశాక ధర్మవరంలో కుళ్లాయప్ప పట్టుచీరల డిజైన్ షాపుకు చేరాను. ఆపరేటర్ సుంకులమ్మ నా తెర మీద చీరల అంచులు గీస్తుంది. పక్కనున్న మిషను ఆ ప్రకారం అట్టలకు బొక్కలు కొడుతుంది. ఆ అట్టలను బట్టే మగ్గం మీద అంచు పడుతుంది. పన్నెండేళ్లుగా ఇదే మా బతుకు.

నేను నెమ్మదించానని కుళ్లాయప్ప తన మేనల్లుడు హేమంత్‌ను పిలిచాడు. బెంగళూరులో ఉద్యోగం, అంటే సర్వజ్ఞుడన్నమాట.

"మామా, దీని కెర్నెలే బరువు. పనికిరానివన్నీ పీకేసి కొత్తది కంపైల్ చేస్తా. గుర్రం మాదిరి పరిగెత్తాది!"

కెర్నెల్ అంటే నా ఒంట్లోని ప్రతి భాగం చేతా పని చేయించేది. అందులో ఏది ఉండాలో, ఏది పోవాలో చెప్పడానికి బారెడు పట్టిక ఉంటుంది. ఇన్నేళ్లుగా నాతో వేగుతున్న సుంకులమ్మను ఒక్క మాట అడిగాడా? అబ్బే! టకటకా టిక్కులు తీసేశాడు. ఆ పట్టిక ప్రకారం కొత్త కెర్నెల్ తయారుచేయడానికి, అదే కంపైల్ చేయడానికి, ఐదు గంటలు నన్ను అరగదీశాడు. పైగా చోటు చాలదని, తేడా వస్తే తిరిగి వాడుకోవాల్సిన పాత కెర్నెల్‌ను చెరిపేశాడు. ఓరి నాయనో, బుద్ధున్నవాడు చేసే పనేనా అది!

కొత్త కెర్నెల్‌తో చప్పున లేచాను. కుళ్లాయప్ప కొబ్బరికాయ కొట్టాడు. అట్టల మిషను మాత్రం కదల్లేదు. హేమంత్ తీగ ఊపాడు, మిషను నెత్తిన చరిచాడు.

"ఇది చచ్చిపోయింది మామా. అంతా కొత్తది తెప్పించు. అమ్మేవాళ్లే ఆపరేటర్ని కూడా ఇస్తారు."

అంటే సుంకులమ్మ ఇంటికి, నేను పాతసామాన్ల బండికి. ఆమె మొహం పాలిపోయింది. కుళ్లాయప్ప ఆమె వైపు చూడకుండానే ఫోన్ తీశాడు. నాకు ఒళ్లు మండిపోయింది, నోరుంటే కదా!

"ఒక్క నిమిషం ఆగన్నా," అంది సుంకులమ్మ. "అబ్బీ, నువ్వు ఏమేం తీసేసినావో చెప్పు."

వాడు విసుక్కుంటూ చదివాడు. "...పాత ప్రింటర్ పోర్టు. ఈ కాలంలో అదెవరు వాడతారక్కా?"

"మిషను తీగ పెట్టేది దాంట్లోనే కదప్పా!"

హేమంత్ గబగబా ఆ పట్టిక మళ్లీ తెరిచాడు. మళ్లీ టిక్కు పెట్టడం, మళ్లీ ఐదు గంటలు, నా ఖర్మ. మర్నాటికి మిషను మొదటి అట్టకు బొక్క కొట్టగానే సుంకులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కంపైల్ చేసేవాళ్లు కెర్నెల్‌కు ఏదో ఒక పేరు తగిలించుకోవచ్చు. సిగ్గుపడ్డ హేమంత్ సుంకులమ్మ పేరు పెట్టాడు. రోజూ పొద్దున నేను లేవగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో అదే కనిపిస్తుంది. కుళ్లాయప్పకు ఇంగ్లీషు రాదు. వచ్చిన ప్రతివాడికీ దాన్ని వేలితో చూపిస్తాడు.

"సూడప్పా, మా అల్లుడి పేరు! వాడు లేకుంటే ఈ షాపు మూసేసుంటిమి."

సుంకులమ్మ చదవగలదు. రోజూ ఒకసారి చదువుకుని అంచు గీయడం మొదలుపెడుతుంది.