పచ్చిక కింద బోదెలు

లెస్టర్ సీమలోని కోల్డ్‌వెల్‌లో, ఊరంతా చూస్తుండగానే థర్‌స్టన్‌ను దొర మనుషులు కర్రలతో కొట్టి చంపారు. ముళ్లకంచె నరకడమే అతని నేరం. ఊరి పొలాలను లాక్కుని దొర వేయించిన ఆ కంచె అవతల పచ్చిక, దాని మీద అతని గొర్రెలు. పచ్చిక కింద, ఊరివాళ్ల తాతలు దున్ని ఎత్తిన మట్టి బోదెలు ఒకే దుప్పటి కప్పుకున్న పిల్లల్లా వరసగా ఉన్నాయి. ఇంటికో బోదె. థర్‌స్టన్ తన బోదె మీదే పడి చచ్చిపోయాడు.

అతని భార్య ఏవిస్‌కు ఏడుపు రాలేదు. పాతిపెట్టి వచ్చి బార్లీ గంజి కాచింది, తాగడం మరిచిపోయింది. ఆకలి కూడా తెలియడం లేదు.

ఆ వారమే దొర గుమాస్తా క్రిస్పిన్ వచ్చాడు. సాగుభూమిని గొర్రెలపాలు చేసిన దొరలను విచారించడానికి రాజుగారి అధికారులు వస్తున్నారట. ఇది ముందు నుంచీ పచ్చికేనని దొరగారు చెబుతారట. మరి బోదెలు ఊరుకుంటాయా? ఇది దున్నిన నేలేనని చెప్పేయవూ?

"దొర ఎద్దులిస్తాం. అడ్డంగా దున్ని చదును చెయ్యండి. రొట్టె, జున్ను పెడతాం" అన్నాడు క్రిస్పిన్.

చర్చి ముందు జనం చేరారు.

"ఆ రొట్టె నా గొంతు దిగదు" అంది ముసలి మార్జరీ.

"మనం కాదంటే పక్కూరోళ్లని తెస్తాడత్తా. ఆళ్లకీ ఆకలే" అన్నాడు నాగళ్లు చేసే గైల్స్.

"అయితే తాతలెత్తింది మనమే కూల్చాలా? సిగ్గులేదంట్రా?"

"సిగ్గు తింటే కడుపు నిండుద్దా?"

"దున్నుదాం" అంది ఏవిస్.

అందరూ బిత్తరపోయారు. "నువ్వేనా వదినా ఈ మాటనేది?" అన్నాడు గైల్స్.

"మనకొచ్చిన దున్నుడు ఒక్కటేగా. అట్టాగే దున్నుదాం."

ముందుగా మార్జరీ నవ్వింది. ఆ ఊళ్లో నాగలి బోదె పొడవునా నడుస్తుంది. మట్టి ఎప్పుడూ నడుమకే పడుతుంది. దున్నేకొద్దీ బోదె లేస్తుంది.

అధికారులు వచ్చే రోజు తెల్లారగానే నాగళ్లు కట్టారు. ఏవిస్ ఎద్దుల ముందు నడిచింది. థర్‌స్టన్ పడినచోట కాళ్లు ఆగుతాయనుకుంది. ఆగలేదు.

క్రిస్పిన్ పరుగెత్తుకొచ్చాడు. "అడ్డంగా అన్నాను కదరా, వెధవల్లారా!"

"మా ఎడ్డి చేతులకు అడ్డం రాదు బాబూ" అంది మార్జరీ.

దొర మనుషుల కొరడాలు లేచాయి. ఆడా మగా నాగళ్ల చుట్టూ గోడలా నిలబడ్డారు. దెబ్బలు తిన్నవాళ్ల చోటికి వేరేవాళ్లు వచ్చారు. నాగళ్లు ఆగలేదు.

అధికారులు వచ్చేసరికి పొలమంతా నల్లటి బోదెలు వంపు తిరిగి దొర ఇంటి కిటికీ కింది దాకా లేచి ఉన్నాయి. వాళ్లు చూశారు, దొర ఇంట్లో భోంచేశారు. పచ్చిక పాడుచేసినందుకు ఏవిస్‌నూ గైల్స్‌నూ కట్టి చెరసాలకు బండెక్కించమన్నారు. న్యాయం దొరింట్లో భోంచేసి వస్తే ఇంకెలా ఉంటుంది!

పక్క ఊరి కంచె దగ్గర జనం బండికి అడ్డం నిలబడ్డారు. కంచె అవతల వాళ్ల బోదెలు కూడా పచ్చిక కిందే ఉన్నాయి.

"దున్నడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారక్కా?" అని ఒకామె అడిగింది.

"బోదె నడుమ నుంచి. మట్టి నడుమకే పడాలి" అంది ఏవిస్.

బంట్రోతులు జనాన్ని నెట్టి బండి కదిలించారు. వెనక కంచె మీద గొడ్డలి చప్పుడు మొదలైంది. ఏవిస్‌కు ఆకలేసింది.