ఇసుక తగలని బుట్ట

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. గుణింతాల దగ్గర ఇంకా తడబడతాను, రాయడం కూడా నెమ్మది. తప్పులుంటే మన్నించి చదవండి.

రిపెకా చివరి మరుగుదొడ్డి కడుగుతోంది. మోకాళ్ళ కింద మడతపెట్టిన గోనె, చేతిలో అరిగిపోయిన బ్రష్షు. పక్కనున్న బకెట్లో నీళ్ళకంటే బ్లీచింగే ఎక్కువ. ఆమె వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, గోళ్ళ పక్కన చర్మం పొరలుగా లేచింది. తొడుగులు వేసుకోమంటే ఆమెకు కోపం. వాటితో మురికి చేతికి తెలియదంటుంది.

ఊరి మరాయెలో, అంటే ఊరందరి ఉమ్మడి సావిడిలో, పెళ్ళయిన నాటినుంచీ ఆమెది ఇదే పని. ఊళ్ళో ఎవరు పోయినా శవాన్ని అక్కడికే తెస్తారు. మూడు రోజులు చుట్టాలు బస్సుల్లో వస్తూనే ఉంటారు. అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. శవం పక్కన కూర్చునేవాళ్ళు ఉంటారు, పాట ఎత్తుకునేవాళ్ళు ఉంటారు. రిపెకా మాత్రం ఎప్పుడూ వెనకవైపే. భర్త పోయినప్పుడు కూడా మధ్యమధ్యలో లేచి వెళ్ళి కడిగొచ్చింది. "మీ ఊరి దొడ్లు అద్దాల్లా ఉన్నాయే!" అని పొరుగూరివాళ్ళు ఎవరైనా అంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

వచ్చినవాళ్ళకి తమ వాగు సముద్రంలో కలిసే మొగలో ఏరిన పిపి గుల్లలు వండిపెట్టడం ఆ ఊరి పరువు. రెండేళ్ళుగా ఆ ఒడ్డున కౌన్సిల్ వాళ్ళ బోర్డు నిలబడి ఉంది. నీళ్ళలో మలం కలుస్తోంది, గుల్లలు తీయకూడదు. ఎగువన డంకన్ ఆవుల మంద ఉంది కాబట్టి ఊరంతా డంకన్‌నే తిట్టిపోసింది. అందరికంటే ఎక్కువ తిట్టింది రిపెకా అక్క హూరియా. ఇప్పుడామె మంచంలో ఉంది. ఇక ఎక్కువ కాలం లేదన్నారు. దిండుకి ఆనుకునే కొత్త నారబుట్ట ఒకటి అల్లింది. "నా చావుకి దీంతోనే గుల్లలు తేవాలి. పిపి లేకుండా ఎవడికైనా కూడు పెట్టారో, లేచొస్తా!" అంది.

నీళ్ళు పరీక్షించే తమాతి, రిపెకాకి వరసకి అక్క కొడుకు, గుమ్మంలో నిలబడ్డాడు.

"పిన్నీ, ఇవాళ నీ దొడ్లలో రంగు బిళ్ళలు వేసి, నీళ్ళెటు పోతున్నాయో చూడాలి."

"నా దొడ్లలోనా? పోయి ఆ ఆవుల్లో వెయ్యి. ఎక్కడ వేయాలో నేను చెప్పాలా?"

"ఆవులది కాదంట. మనుషులదేనని ల్యాబులో తేలింది."

"అయితే ఎగువ బంగళాల వాళ్ళదే."

"అవన్నీ నిన్ననే చూశాం. బాగానే ఉన్నాయి."

రిపెకా బిళ్ళలు లాక్కుని తనే వేసి నీళ్ళు వదిలింది. ఇద్దరూ వాగు గట్టున కూర్చున్నారు. ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. చాలాసేపటికి, దొడ్ల వెనక ఏపుగా పెరిగిన గడ్డి మొదట్లోంచి సన్నటి ఆకుపచ్చ ధార ఊరింది. ఊరి, బురదలో దారి చేసుకుని, వాగులో కలిసి, గుల్లల తిప్పవైపు సాగింది. ఆ గడ్డిని చూసుకుని ఆమె ఎన్నోసార్లు మురిసిపోయింది.

తమాతి సెప్టిక్ ట్యాంకు మూత లేపి చూశాడు.

"పిన్నీ, ఇందులోకి బ్లీచింగ్ ఎంత పోతోంది?"

ఆమె బకెట్ చూపించింది.

"అంతా? రోజూనా?" అతను తల గోక్కున్నాడు. "మురికిని తినే క్రిములుంటాయి పిన్నీ, కంటికి కనపడవు. అవి చచ్చిపోయాయి. పైగా ట్యాంకు చిన్నది, వచ్చే జనం ఎక్కువ. నీ ఒక్కదాని తప్పు కాదులే."

"నేను కడగబట్టేనా?"

అతను మూత సరిగ్గా పెట్టడంలో మునిగిపోయాడు.

రిపెకా వెళ్ళేసరికి హూరియా గోడవైపు తిరిగి ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది.

"ఏం తేలిందే? డంకన్ మొహం ఎట్లా పెట్టాడు?"

"ఆవులు కాదక్కా. మనమే. నా బకెట్టే."

 హూరియా నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది.

"అయితే వాడికి క్షమాపణ చెప్పు. నేను పోయాకే చెప్పు. వాణ్ణి తిట్టకపోతే నాకు పొద్దుపోదు." దగ్గు తగ్గాక, "మరి నా చావుకొచ్చినవాళ్ళకి ఏం పెడతారే?" అంది.

"కోడి."

"కోడి!" అని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరవకుండానే చెల్లెలి చెయ్యి ముక్కు దగ్గరికి లాక్కుంది. "ఈ బ్లీచింగ్ వాసన వస్తేనే నా పక్క మార్చారని తెలిసేది. చెయ్యి తీయకు."

రిపెకా తీయలేదు. పోటు వచ్చి గుల్లల తిప్ప మునిగే వేళకి, పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి.

మరాయె దొడ్లకి తాళం పడింది. అద్దె ప్లాస్టిక్ దొడ్లు లారీలో వచ్చాయి, వాటిని కడిగేవాళ్ళూ వాటితోనే వచ్చారు. చేయడానికి పనిలేక రిపెకా మూడు రోజులూ అక్క శవం పక్కనే కూర్చుంది. అక్కడ కూర్చునేవాళ్ళు చేతులు ఏం చేసుకుంటారో ఆమెకు తెలియలేదు. చుట్టాలు తలలు వంచుకుని కోడి తిన్నారు. పిపి ఏదని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అందరూ వెళ్ళిపోయాక వంటింటి మేకుకి హూరియా బుట్ట వేలాడుతూ మిగిలింది. నార పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు. లోపల ఒక్క ఇసుక రేణువు లేదు.

మకెరెటా పోహాతు, డెబ్బై మూడేళ్ళు. ఇప్పుడు వాగు ఎగువన మనవరాలి ఇంట్లో ఉంటున్నాను.