తొంభై దాకా

"అయిదున్నర" అంది బ్యాంకమ్మాయి, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

"అయిదున్నర ఏంటమ్మా?" అన్నాను. అర్థం కాక కాదు. రెండోసారి అడిగితే అంకె మారుతుందేమోనని ఆశ.

"వడ్డీ అండీ. నూటికి అయిదున్నర. పదేళ్ళ కిందట మీరు వేసినప్పుడు తొమ్మిది ఉండేది. ఇప్పుడు ఏ బ్యాంకుకెళ్ళినా ఇంతే."

పక్కన మా ఆయన నీళ్ళు నములుతున్నారు. లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఎంతెత్తు మేడల్లోనో చీకటి గొయ్యి మీద వేలాడుతూ పనిచేసినప్పుడు లేని భయం, ఆ మెత్తటి కుర్చీలో కూర్చుంటే పట్టుకుంది.

ఆ డిపాజిట్ మాది కాదు, మా ఆడపడుచుది. మా మామగారు దుకాణం అమ్మి, వచ్చిన సొమ్మంతా కూతురి పేరన వేసి, ఆమె తరఫున సంతకం పెట్టే పని మా ఆయనకి అప్పగించి కన్నుమూశారు. ఇంట్లో ఆమెను బుల్లి అంటాం. యాభై అయిదేళ్ళొచ్చినా బుల్లే. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసేది. జబ్బుచేసి కాళ్ళు పడిపోయాక మంచం, చక్రాల కుర్చీ, కిటికీ, అంతే. ఆ వడ్డీ ఆయా జీతానికీ మందులకీ సరిగ్గా సరిపోయేది. బుల్లిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టగలిగేది ఆయా ఒక్కతే. నా మోకాళ్ళు, మా ఆయన నడుము ఎప్పుడో చేతులెత్తేశాయి. ఆయా మానేస్తే బుల్లిని ఏదో ఒక హోంలో చేర్చాల్సిందే. ఆ మాట మా ఇంట్లో ఎవరం పైకి అనం.

"శుక్రవారంలోగా ఏదో ఒకటి చెప్పండి. చెప్పకపోతే కొత్త వడ్డీకే మళ్ళీ పదేళ్ళకి వెళ్ళిపోతుంది" అంది బ్యాంకమ్మాయి. "ఖర్చు తగ్గదంటారా, అసల్లోంచి కూడా కొంచెం కొంచెం తీసుకోవచ్చు."

ఒంటికాలి మీద లేచాను. "అసలు ముట్టుకోమంటావా? భలే చెప్పావు! మా మామగారు పోయేముందు నా చేయి పట్టుకుని అడిగింది అదొక్కటే, అసలు ముట్టుకోవద్దని."

"మీ ఇష్టమండీ" అంది పాపం ఆ పిల్ల. "ఎన్నేళ్ళకి సరిపెట్టాలో చెబితే, నెలకెంత తీసుకోవచ్చో లెక్క వేసిస్తాను."

ఎన్నేళ్ళకి. ఆ మాట విననట్టే ఇద్దరం లేచి వచ్చేశాం.

ఇంటికొచ్చేసరికి ఆయా వంటింట్లో గిన్నెలు తోముతోంది. మా మొహాలు చూసి కుళాయి కట్టేసింది. "అమ్మా, ఎదురు మేడలో ముసలాయన్ని చూసుకోవడానికి అడుగుతున్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు."

"చెప్పకు."

"చెప్పనులెండి. కానీ నా ఇల్లూ గడవాలి కదమ్మా."

అందులో తప్పేముంది? తప్పు లేదు కాబట్టే నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. నాలుగిళ్ళ బట్టలు కుడుతుంటాను. ఆ రోజు మనసు మనసులో లేక, ఎవరిదో చొక్కా చేతులు రెండూ పొట్టిగా కత్తిరించిపారేశాను.

బుధవారం సాయంత్రం మా అక్క మొగుడు వచ్చాడు. కంపెనీల డిపాజిట్లు అమ్ముతాడు. ఎవరు కనబడ్డా "పదకొండు శాతం" అంటాడు కనక మా ఇంట్లో పదకొండు బావ. నిగనిగలాడే దరఖాస్తు కాగితం ఒకటి టేబుల్ మీద పరిచాడు. దాని మీద అద్దాల మేడ బొమ్మ.

"చూడు మరదలా, అయిదున్నరకి పెట్టడమంటే డబ్బుకి జోలపాట పాడటమే. ఇక్కడ పదకొండు! ఆయాకి జీతం పెంచు, నువ్వు మిషను మూసేసి కాలు మీద కాలేసుకుని కూర్చో. అసలు మాత్రం ఎక్కడికీ పోదు, అసల్లాగే ఉంటుంది."

ఆ ఆఖరి మాట మా ఆయనకి చెవిలో తేనె పోసినట్టుంది. "విన్నావా? అసలు ముట్టుకోనక్కర్లేదు" అన్నారు నాతో, గొంతు బాగా తగ్గించి. బుల్లి గదికి తలుపు లేదు. చక్రాల కుర్చీ పట్టడంలేదని తీయించేశాం, తెర ఒక్కటే ఉంది. అందుకని బ్యాంకు నుంచి వచ్చింది మొదలు ఇంట్లో అన్నీ గుసగుసలే.

"మరి ఆ కంపెనీ మునిగితే?" అన్నాను.

"శుభమా అని మాట్లాడుకుంటుంటే! అంత పెద్ద కంపెనీ ఎందుకు మునుగుతుంది?"

"బ్యాంకుకి అయిదున్నరకే జనం తెచ్చిపోస్తున్నారు కదా. మీవాళ్ళకి పదకొండు ఇస్తే గానీ ఎవరూ ఇవ్వడంలేదంటే, ఏదో ఉన్నట్టేగా?"

బావ హాయిగా నవ్వాడు. జవాబు లేనప్పుడే ఆయన అంత బాగా నవ్వుతాడు.

మా ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నేను కాగితం మీద చేయి పెట్టాను. "ఏమండీ, ఎనిమిదిమందే ఎక్కాలని రాసుంటే, తొమ్మిదోవాడని మీ మేనేజరునే లిఫ్టులోంచి దింపేశారు మీరు. ఇప్పుడు ఇదేంటి?"

"మరి బుల్లిని ఎక్కడ దింపమంటావు?" అన్నారు తలెత్తకుండా. పెన్ను మూత తీసేశారు.

"అన్నయ్యగారూ, మీ సొమ్ము ఎంత పెట్టారు అందులో?"

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. తెర వెనక నుంచి బుల్లి గొంతు.

బావ కాగితం మడిచాడు. "నాదా? నాది బ్యాంకులోనే ఉందమ్మా. మా ఆవిడ ససేమిరా అంది."

మా అక్క మీద పుట్టి బుద్ధెరిగాక అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు నాకు. బావని టీ కూడా ఇవ్వకుండా సాగనంపాను.

లోపలికి వెళ్తే బుల్లి దిండుకి ఆనుకుని మా కోసమే చూస్తోంది. "ఎక్స్ఛేంజ్‌లో ఊరందరి మాటలూ విన్న చెవులివి. మీ గుసగుసలు వినబడవనుకున్నారా? నా డబ్బు గురించి నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదేం?"

"నువ్వు బెంగ పెట్టుకుంటావని..." అన్నారు మా ఆయన.

"పెట్టుకున్నాలే. నాన్న అసలు ముట్టుకోవద్దన్నాడు, నిజమే. ఎందుకన్నాడు? నేను రోడ్డున పడకూడదని. అది మొత్తం తీసుకెళ్ళి ఎవడి చేతిలోనో పోయడానికి సిద్ధమయ్యారు. అందులోంచి గుప్పెడు నేను తింటే మాత్రం తప్పొచ్చిందా?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజమే కదా, ఇంత చిన్న సంగతి మాకెందుకు తట్టలేదు?

"ఎన్నేళ్ళకి సరిపెట్టాలో చెప్పమందిట కదా బ్యాంకులో. చెప్పన్నయ్యా."

మా ఆయన తెర పట్టుకుని నిలబడిపోయారు. చెల్లెలు ఎంతకాలం బతుకుతుందో ఏ నోటితో చెబుతారు?

"సరే, నేనే చెబుతా. ఇన్నాళ్ళూ వచ్చినంతే తీసుకుంటే నాకు డెబ్బై రెండు వచ్చేదాకా వస్తుంది. లెక్క వేసుకున్నాను. అది చాలు. ఆ తర్వాత నేనుండి మాత్రం..."

"నోర్ముయ్" అన్నాను. నా అరుపుకి ఆయా పరిగెత్తుకొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు బ్యాంకు తెరవకముందే మెట్ల మీద ఉన్నాం. బ్యాంకమ్మాయి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. సొమ్మంతా ఒక్కచోట పదేళ్ళు బిగించెయ్యకండి. అయిదు ముక్కలు చెయ్యండి. ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్ళకి, అలాగ. ఏటా ఒక ముక్క చేతికొస్తుంది. కావలసినంత తీసుకుని మిగతాది మళ్ళీ వెయ్యండి. అప్పటికి వడ్డీ పెరిగితే మంచిదే, తగ్గినా దెబ్బ ఒక్క ముక్కకే. అది నాకు వెంటనే ఎక్కింది. గుడ్డ తానంతా ఒక్క కొలతకి కోసేస్తే ఏమవుతుందో నాకెవరూ చెప్పక్కర్లేదు.

"మరి ఎన్నేళ్ళకి వెయ్యమంటారు?" అంది.

మా ఆయన కిటికీ వైపు తిరిగారు. పెరిగే పిల్లకి గౌను కుట్టేటప్పుడు అంచు మడతలో గుడ్డ వదులుతాం. ఎంత పెరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి కాస్త ఎక్కువే వదులుతాం.

"తొంభై" అన్నాను. "ఆవిడకి తొంభై నిండేదాకా సరిపెట్టు."

"నెలకి వచ్చేది పావు వంతు కంటే ఎక్కువే తగ్గుతుందండీ. పైగా ధరలు పెరుగుతుంటాయి, ఏటా మళ్ళీ లెక్క చూసుకోవాలి."

"చూసుకుందాం. ఆ తగ్గేది నేను కుట్టి తెస్తాను."

మేం ఇల్లు చేరేసరికి బుల్లి కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. ఆయా జడ వేస్తోంది. మా ఆయన చెప్పలేక చెప్పలేక, తొంభై అని చెప్పారు.

"తొంభయ్యా!" పకపకా నవ్వింది బుల్లి. "అంతకాలం వదిన చప్పిడి కూరలు తినాలా?" ఇంకా ఏదో అనబోయి ఆగింది. "అప్పటికి నువ్వుంటావా వదినా?"

"ఉండను."

"అన్నయ్య?"

"ఆయనా ఉండరు."

జడ కొస ముందుకి లాక్కుంది. "డబ్బు ఉంటుంది, ఎవరో ఒక ఆయా ఉంటుంది. మరి నేనెవరితో పోట్లాడాలి?"

నేను వెళ్ళి మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కించబోయాను. సూది కన్ను కనబడలేదు. ఆయా వచ్చి ఎక్కించిపెట్టింది.