అక్క ఫైల్లో చివరి లైను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ పేచీ ఉండదు. కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది, ఇరవై ఏళ్లుగా అదే పని. మిషన్ల మీద విసుక్కోను, వాటిని తెచ్చే మనుషుల మీదే విసుక్కుంటాను. కావాలంటే మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

ఆ రోజు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఒక ప్రచురణ సంస్థకి ఇంట్లోంచే ప్రూఫులు దిద్దుతుంది మా అక్క. ఏడాది కిందట ఆమె చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం పెట్టుకుని పనిచేస్తోంది. ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది కానీ, ఇప్పుడొచ్చిన చరిత్ర పుస్తకంలో ఫుట్‌నోట్ల నిండా లింకులే. నలభై లింకులు తెరిచి, అక్కడున్నదీ రచయిత రాసిందీ ఒకటేనో కాదో సాయంత్రం నాలుగింటికల్లా తేల్చి పంపాలి. వీలుకాకపోతే ఇకమీదట పని ఇంకొకరికి ఇస్తామని మేనేజరు మర్యాదగానే చెప్పిందట. అక్క గొంతులో వణుకేమీ లేదు. ఒకసారి వచ్చి వెళ్తావా అని మాత్రం రెండుసార్లు అడిగింది. మా అక్క ఏదీ రెండుసార్లు అడిగే మనిషి కాదు.

షాపు తాళం వేసి వెళ్లాను. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. కీబోర్డు మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. తెర ఆర్పేసి ఉంటే నా కోసం వేసుకున్నాను. అక్క వాడేది పాతకాలపు టెక్స్ట్ ఎడిటర్, అక్షరాలు రాసి దిద్దుకునే ప్రోగ్రాం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మౌస్‌తో పనే లేదు. కొత్తది పెడతానని ఎన్నిసార్లు చెప్పినా, నీ కొత్తది నువ్వే ఉంచుకో అంటుంది. అందులో లింకు దగ్గర ఆగి ఒక మీట నొక్కితే పేజీ బ్రౌజర్లో తెరుచుకుంటుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఏ లింకు నొక్కినా పెద్ద బ్రౌజర్లోకే పోతోంది. అందులో ప్రకటనలు, ఒప్పుకుంటారా లేదా అని అడిగే పెట్టెలు, వాటంతటవే మొదలయ్యే వీడియోలు. చదివే గొంతు అవన్నీ చదువుకుంటూ అసలు పేజీకి వచ్చేసరికి అక్కకి తల ప్రాణం తోకకొస్తోంది.

ఆమెకు కావలసింది చిన్న విషయమే. గ్రంథాలయాల పేజీలు, ఒట్టి అక్షరాలు మాత్రమే చూపించే చిన్న బ్రౌజర్లో తెరుచుకోవాలి. లాగిన్ అడిగే ఆఫీసు సైటు పెద్ద బ్రౌజర్లోనే ఉండాలి. ఎడిటర్ సెట్టింగుల ఫైల్లో ఇందుకోసం ఒక జాబితా రాసుకోవచ్చు. ఎడమ పక్కన ఎలాంటి లింకో రాయాలి, కుడి పక్కన దాన్ని ఎవరికి అప్పగించాలో రాయాలి. ఓస్ ఇంతేనా అనుకుని పది నిమిషాల్లో మూడు లైన్లు రాసి పారేశాను.

మీట నొక్కితే మళ్లీ పెద్ద బ్రౌజరే వచ్చింది. ఎడిటర్ మూసి తెరిచాను, అదే వచ్చింది. చిన్న బ్రౌజర్ని తీసేసి మళ్లీ ఎక్కించాను, ఊహూఁ. కోపం వస్తే పైకి గొణుక్కుంటూ చదవడం నా అలవాటు. గంటన్నర సేపు ఆ ఎడిటర్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకమంతా గొణిగాను. చివరికి ఒళ్లు మండిపోయి, ఇలాంటి ముసలి ఎడిటర్ని పట్టుకుని వేలాడితే ఇలాగే ఉంటుందనీ, అందరూ వాడేదే నువ్వూ వాడితే నీ సొమ్మేం పోయిందనీ అక్క మీద ఎగిరాను. అక్క అంతా విని, నేను రాసిన మూడు లైన్లూ ఒకసారి పైకి చదవమంది.

చదివాను. మొదటి లైను, లింకులన్నీ పెద్ద బ్రౌజర్‌కి. రెండోది, గ్రంథాలయాలవి చిన్నదానికి. మూడోది, ఆఫీసువి పెద్దదానికి.

పెద్దదాన్ని ముందెందుకు కూర్చోబెట్టావని అడిగింది. మనింట్లో అంతేగా అన్నాను. చిన్నప్పుడు స్నానానికి వేణ్నీళ్ల దగ్గర్నుంచి కొత్త పుస్తకాల దాకా ముందు అక్క, తర్వాతే నేను. చేతికి ఆ వరసే వచ్చేసింది.

"అది పై నుంచి చూసుకుంటూ వస్తుందిరా. ముందు ఎవరు నాదే అంటే వాళ్ల చేతిలో పెట్టేసి ఇక కిందకి చూడదు. అన్నీ నావే అనేవాణ్ణి మొదట నిలబెడితే వెనకున్నవాళ్ల దాకా ఏం మిగుల్తుంది? చిన్నవాళ్లని ముందుకి తీసుకురా. వాణ్ణి చివరికి పంపు."

ఇది నీకెలా తెలుసన్నాను. ఇందాకట్నుంచి నువ్వు గొణిగింది అదేగా అంది. నేను గొణిగాను, ఆమె వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

లైను కిందకి దించాను. అక్క మీట నొక్కింది. గ్రంథాలయం పేజీ ఏ హంగూ లేకుండా చిన్న బ్రౌజర్లో తెరుచుకుంది. చదివే గొంతు వేగం పెంచుకుంది అక్క. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుంది ఆ చప్పుడు. అందులో నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆమె మాత్రం కుర్చీలో వెనక్కి వాలి వింటూ లింకు తర్వాత లింకు దాటించేస్తోంది. ఆరో లింకు దగ్గర నేను తెర మీద పుస్తకం పేరు చూసి సరిగ్గానే ఉందన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఫుట్‌నోటు రెండో ముద్రణ అంటోంది, ఇది మొదటిదట. కిందికి జరిపి చూస్తే పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నేను నోరెళ్లబెట్టాను. ఏడాదిగా అక్క కళ్లు పోయాయనే అనుకుంటున్నాను కానీ, ఈ చెవులు ఎప్పుడొచ్చాయో గమనించనే లేదు. అంతసేపు అరిచినందుకు సిగ్గేసింది. ఆ మాట చెప్పకుండానే షాపుకి వచ్చేశాను.

రెండున్నరకి ఫోన్లో మెసేజ్ వచ్చింది. "అక్క ఎడిటర్ నుంచి. ఇది చిన్న బ్రౌజర్‌కి అందని పేజీ. దయచేసి చదివి చెప్పగలరు." కింద ఒక లింకు. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నాతో దయచేసి అనడం ఎరగను. తెరిస్తే ఎవరిదో చేతిరాత ఉత్తరం, ఫొటో తీసి పెట్టారు. ఫొటోలో అక్షరాలు ఆ చదివే గొంతుకి అందవు. ఎదురుగా ఉన్న కస్టమర్ని కాసేపు కూర్చోమని, అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపటికి ఇంకొకటి, మూడుంపావుకి మరొకటి వచ్చాయి.

నాలుగింటికి పది నిమిషాల ముందు అక్కే ఫోన్ చేసింది. నలభై లింకులూ పంపేసిందట. మూడు పేజీలు తమ్ముడు చదివి చెప్పాడని అందులోనే రాసిందట. మేనేజరు ఆ ముద్రణ తప్పు చూసి, ఇంతకుముందు ఇద్దరు చూసీ వదిలేశారని చెప్పి, తర్వాతి పుస్తకం కూడా అప్పుడే పంపించేసిందట. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నాకేం మొహమాటం లేదు చెప్పుకోడానికి.

షాపు కట్టేసి నేరుగా అక్క ఇంటికే వెళ్లాను. ఆ మెసేజ్‌లు ఎలా పంపావని అడిగితే ఫైల్ తెరిచి చూసుకోమంది. మొదటి రెండు లైన్లూ నేను పెట్టినట్టే ఉన్నాయి. చివరి లైన్లో, అన్నీ నావే అనే చోట, పెద్ద బ్రౌజర్ పేరు లేదు. ఎడమ పక్కన, మిగిలినవన్నీ. కుడి పక్కన, తమ్ముడు.

కుడి పక్కన బ్రౌజరే ఉండాలని లేదు, మనం రాసుకున్న ఏ పనైనా పెట్టుకోవచ్చు. ఆ సంగతీ నేను గొణిగిందే. అది విని, నేను వెళ్లాక, కనపడని తెర ముందు కూర్చుని, లింకు నా ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చేలా నాలుగు లైన్ల ప్రోగ్రాం రాసుకుంది. ఇరవై ఏళ్ల అనుభవం నాది, నాకు ఆ ఊహే రాలేదు. ఆ నాలుగు లైన్లనూ ఎంతసేపు చూశానో తెలియదు.

ఫోన్ చేసి అడిగితే సరిపోయేదిగా, ఇంత తంటా ఎందుకన్నాను.

"నేనడిగితే విసుక్కుంటావు. అది అడిగితే విసుక్కోవు కదా."

మామూలుగానే అంది, నవ్వుతూనే అంది. అక్క కీబోర్డు దగ్గరికి జరుపుకుని కొత్త పుస్తకంలో ఏదో లింకు మీద మీట నొక్కింది. పక్కనే కూర్చున్న నా జేబులో ఫోన్ మోగింది. తీసి, పేజీ తెరిచి, మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చదివి వినిపించాను.