రెండో గాజుముక్క

పొద్దున ఏడున్నరకల్లా అతని నడక మొదలవుతుంది. భుజాన సంచి, సంచిలో గాజుముక్కల డబ్బా, జిగురు, గీతలు గీసిన కొలత కార్డు, ఒక పుస్తకం. గడియారం స్తంభం దగ్గర బయల్దేరి, రైలు సొరంగం కోసం తవ్విన గొయ్యి చుట్టూ తిరిగి, సొరంగం తవ్వే కంపెనీ యార్డు దాకా నాలుగు కిలోమీటర్లు. దారి పొడవునా నూట ముప్ఫై గోడలు. పగులు కనిపించిన ప్రతిచోటా దానికి అడ్డంగా వేలెడంత గాజుముక్క అతికించి, మీద తేదీ వేసి ఉంటుంది. గోడ కదిలితే గాజు విరుగుతుంది. విరిగితే పక్కనే రెండోది అతికించి ఒక రోజు ఆగి చూడాలని నియమం. రెండోదీ విరిగితే ఇంజనీరుకి ఫోన్ చెయ్యాలి. విరగకపోతే పుస్తకంలో 'మార్పు లేదు' అని రాసి ముందుకి నడవాలి. కాళ్ళూ కళ్ళూ ఉన్నవాడెవడైనా చెయ్యగల పని.

ఈపాటి పనికే ఊరంతా అతని మీద కత్తులు నూరుతోంది. అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, 'గాజుపెంకు' అనే అంటారు. అతను వీధి మలుపు తిరగ్గానే పై అంతస్తుల్లో బకెట్లు కదులుతాయి, గదులు కడిగిన నీళ్ళు సరిగ్గా అతని నెత్తినే పడతాయి, ఆనక "అయ్యో, చూసుకోలేదండీ" అంటారు. టీ కొట్టువాడైతే అతన్ని చూసి మరుగుతున్న గిన్నె మీద మూత పెట్టేసి "అయిపోయింది" అంటాడు. వాళ్ళనీ ఏమీ అనడానికి లేదు లెండి. రెండో గాజు విరిగిన గంటలో లారీలొస్తాయి. ఉన్నవాళ్ళని ఉన్నట్టుగా ఎక్కించుకుపోయి ఊరవతల రేకుల షెడ్లలో దింపుతాయి. ఇల్లు కంపెనీవాళ్ళే పడగొట్టేస్తారు. పోయినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలా ఒక్కటి లేదు.

గోడల మీది బొమ్మలకీ అతనంటే పడదు. పదిహేనేళ్ళ క్రితం ఊరికి కాస్త రంగు రావాలని ఎవరో పెద్దలు తలపెట్టి వేయించిన బొమ్మలవి. వాటి ఇష్టం వచ్చినట్టు అవి తిరుగుతుంటాయి. బ్యాంకు గోడ మీది గుర్రం మధ్యాహ్నం ఎండ పడగానే నీడ ఉన్న వైపుకి జరుగుతుంది. బడి గోడ మీది జాలర్లు వల లాగి లాగి విసుగొస్తే కూర్చుంటారు. కిటికీకి అడ్డమొస్తే జనం తిడతారు, లేకపోతే ఎవరి పని వాళ్ళది. అతను కొలత కార్డు తీస్తే మాత్రం జాలర్లు మొహాలు తిప్పేసుకుంటారు, గుర్రం తోక విదిలిస్తుంది.

అందరికన్నా ఎక్కువ పగ అతని అక్కది.

అక్క బట్టలు కుడుతుంది. సంత వీధిలో నాలుగంతస్తుల ఇంట్లో రెండో అంతస్తు. ఆ ఇంటి పక్కగోడ మీద ఉన్నదీ అక్కే. బోర్డులు రాసే బావ, పెళ్ళయిన కొత్తలో, గోడంత ఎత్తున వేశాడు. పసుపు వానకోటు, చేతిలో రంగు డబ్బా, బుగ్గ మీద ఆకుపచ్చ మరక. అప్పట్లో బావ నిచ్చెన ఎక్కితే అక్క కింద డబ్బా పట్టుకుని నిలబడేది. బావ పోయి ఏడేళ్ళయింది. గోడ మీది అక్కకి ఇంకా ఇరవై ఎనిమిదే. కిటికీలోని అక్కకి నలభై మూడు, కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పులు. "నా ముక్కు అంత లావా?" అని దాన్ని రోజూ ఆడిపోసుకుంటూనే ఉంటుంది.

మూడేళ్ళ కిందటిదాకా అక్కా తమ్ముడూ ఒక ప్రాణంగా ఉండేవాళ్ళు. వాళ్ళ అమ్మ, యార్డు పక్క ఇంట్లో ఒక్కతే ఉండేది. అతను ఉద్యోగంలో చేరిన రెండో వారంలో అమ్మ ఇంటి గోడ మీద గాజు విరిగింది. ఫోన్ చేసింది అతనే. లారీ ఎక్కించింది అతనే. రేకుల షెడ్లో మూడో నెల తిరక్కుండా అమ్మ పోయింది. "గోడ పడలేదురా, అమ్మ పడిపోయింది," అంది అక్క. ఆ రోజు నుంచి మాటల్లేవు. కంపెనీ ఆ ఇంటిని మూడు వైపులా పడగొట్టి, నాలుగో గోడని యార్డుకి ప్రహరీగా ఉంచుకుంది. అతను అక్కడికొచ్చేసరికి రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నడుస్తాడు. మూడేళ్ళుగా అంతే, ఆ గోడ వైపు కన్నెత్తి చూడడు.

అతను సంత వీధిలోకి రాగానే అక్క కిటికీ తలుపు వేసేస్తుంది. గోడ మీది అక్క వీపు తిప్పుతుంది. రెండు వీపులూ చూసుకుని, పగులు మీది గాజు చూసి, 'మార్పు లేదు' అని రాసుకుని వెళ్ళిపోవడం అతనికి అలవాటైపోయింది.

ఆ వేళ పదకొండు దాటింది. గోతిలో యంత్రాలు ఎప్పటికన్నా లోతుగా మోగుతున్నాయి. అతను గోడ దగ్గరికొచ్చి తలెత్తాడు. గోడ మీది అక్క ఇటు తిరిగి ఉంది. సూటిగా అతని కళ్ళలోకే చూస్తోంది. రంగు డబ్బా ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

అతను గబగబా గాజు దగ్గరికెళ్ళి చూశాడు. ఎక్కడా విరగలేదు. తేదీ ఎనిమిది నెలల నాటిది, అంకెలు తనవే. అంతా సరిగ్గానే ఉంది. కానీ గోతి నుంచి లేచే ఎర్రటి దుమ్ముకి వీధిలో ప్రతి గాజూ మట్టి రంగుకి తిరిగింది. ఇది మాత్రం తళతళా మెరుస్తోంది.

గోరుతో దాని చుట్టూ గీరాడు. సున్నం పచ్చిగా ఊడొచ్చింది. లోపల పగులు బొటనవేలు దూరేంత ఉంది.

రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళి తలుపు కొట్టాడు. అక్క తలుపు తీసింది. చేతిలో కత్తెర, నోట్లో గుండుసూదులు. సూదులు ఒక్కొక్కటే తీసి మెత్త మీద గుచ్చి, అప్పుడు నోరు తెరిచింది.

"ఏం కంపెనీ గారూ, దారి తప్పారా?"

"అక్కా, గాజు మార్చింది నువ్వేనా?"

"మార్చాను. ఒకటి కాదు, నాలుగు మార్చాను. విరిగినప్పుడల్లా మార్చాను. అంకెలు నీలాగే రాశాను. నీకు అంకెలు దిద్దించింది నేనేగా, నాకు రాదా?"

"బొటనవేలు దూరుతోందే అందులో! సొరంగం తవ్వే మెషిను ఇవాళ మీ ఇంటి కిందకే వస్తోంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, అందరూ బయటికి రండి."

"వస్తే? లారీ ఎక్కిస్తావు. షెడ్లో పడేస్తావు. మూడో నెల వచ్చి నా చెప్పులు పట్టుకెళ్తావు, అమ్మవి పట్టుకెళ్ళినట్టు." అక్క కత్తెరతో మెట్ల వైపు చూపించింది. "ఈ ఇంట్లో పదకొండు కాపురాలున్నాయి. అందరికీ తెలుసు, అందరూ కలిసే సున్నం పూశాం. పో."

తలుపు అతని మొహం మీదే పడింది. పై అంతస్తు మేష్టారు మెట్ల మీద నుంచి తొంగి చూసి, "ఇంకా వెళ్ళలేదా ఈ శని?" అన్నాడు. కింది అంతస్తులో చెప్పులు కుట్టేవాడు అతను దిగి వస్తుంటే కాలు అడ్డం పెట్టాడు.

వీధిలోకొచ్చి ఇంజనీరుకి ఫోన్ చేశాడు.

"గాజు విరిగిందా?" అన్నాడు ఇంజనీరు.

"లేదండీ, కానీ మార్చేశారు."

"విరగలేదుగా. మెషిను ఆపితే నా ఉద్యోగం పోతుంది. రెండూ విరిగితే చెప్పు." పెట్టేశాడు.

రెండూ విరిగాయని చెబితే గంటలో లారీలొస్తాయి. ఒక్క అబద్ధం చాలు. అతను సంచిలోంచి డబ్బా తీసి పట్టుకుని గాజు మీదికి చెయ్యెత్తాడు.

కిటికీ భళ్ళున తెరుచుకుంది. "అమ్మ ఇంటి దగ్గరా ఇలాగే విరగ్గొట్టావా?" అని అరిచింది అక్క.

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అప్పుడు గోడ మీది అక్క నడక మొదలెట్టింది. తొందరేం లేదు. వానకోటు అంచు సర్దుకుని, డబ్బా పట్టుకుని, గోడ దిగి పక్క మందుల షాపు షట్టరు మీదికి వెళ్ళింది. అక్కడ కాస్త కుదించుకుని, షట్టరు మడతల్లో నలిగి, మళ్ళీ అవతలి గోడ మీద నిటారుగా లేచింది. పదిహేనేళ్ళుగా పసుపు రంగు ఉన్నచోట ఇప్పుడు ఉట్టి సిమెంటు మిగిలింది.

"ఎక్కడికే?" అంది అక్క కిటికీలోంచి. అది ఆగలేదు. "ఏయ్, నిన్నే! నా మొహం పెట్టుకుని ఎక్కడికి పోతున్నావే? మీ ఆయన పెట్టిన చోట పడుండలేవా?"

కత్తెర చేత్తోనే, కాళ్ళకి చెప్పులైనా లేకుండా అక్క మెట్లు దిగిపోయింది. తమ్ముణ్ణి పక్కకి తోసేసి దాని వెంట పడింది. అక్క తగువు పెట్టుకుందంటే ఆ ఇంట్లో ఒక్కరు కూడా లోపల ఆగరు, పనులన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వచ్చేస్తారు. సగం గడ్డం గీసుకున్న మేష్టారు, నురగ కారుతుండగానే వచ్చాడు. చెప్పులు కుట్టేవాడు ఒక చేతిలో సుత్తితో వచ్చాడు. చంటిదాన్ని చంకనేసుకుని ఒకావిడ, ఆవిడ వెనక అత్తగారు. నాలుగో అంతస్తు ముసలాయన కాళ్ళు కదలవు, అయినా "నన్నొదిలి మీరు చూస్తార్రా?" అని కొడుకుల మీద గొంతు చించుకుంటే, కుర్చీతో సహా మోసుకొచ్చారు.

అతను వెనకాలే నడుస్తూ తలలు లెక్కపెట్టాడు. ఆ ఇంట్లో పగటిపూట ఉండేది ఇరవై ఆరుగురు. వీధి చివరికి ఇరవై నాలుగు. వెనకబడిన ముసలాయన కుర్చీ బడి గోడ దగ్గర అందుకుంది, కానీ ఆయన్నీ మోసే కొడుకుల్నీ అతను ముందే లెక్కేశాడు. ఇంకా ఇద్దరేరీ? చెప్పులు కుట్టేవాడి పెళ్ళాం, మరదలు పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఏమందిట? ఏమందిట?" అని వాళ్ళ ఆత్రం. ఇరవై ఆరు. అతను గట్టిగా ఊపిరి వదిలాడు.

బడి గోడ మీది జాలర్లు వల పక్కకి లాగి దారిచ్చారు. గోతి చుట్టూ కట్టిన రేకుల మీద నడిచినప్పుడు రేకులు ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. అక్క రేకుల మీద కత్తెరతో కొడుతూ, "అంత పొగరా? ఆ డబ్బా మోసింది నేనే! ఎండలో నిలబడింది నేనే! నువ్వు ఊరికే రంగు పూయించుకున్నావు!" అని తిడుతూనే ఉంది. గోతి లోపలి పనివాళ్ళు టోపీలు తీసి తలలెత్తి చూశారు.

గొయ్యి దాటి రెండు వందల అడుగులు వెళ్ళారో లేదో, వెనక సంత వీధిలో ఏదో పెద్దగా మూలిగింది. ఆ తర్వాత చప్పుడు. కాళ్ళ కింద రోడ్డు ఎగిరిపడింది. ఎర్రదుమ్ము మేఘంలా లేచి గడియారం స్తంభాన్ని కప్పేసింది. మేష్టారు గడ్డం మీది నురగ ఎర్రగా అయింది. "మన ఇల్లు," అన్నాడు చెప్పులు కుట్టేవాడు, చేతిలోని సుత్తి వంక చూసుకుంటూ. అందరూ ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తారు, కుర్చీతో సహా.

అక్క పరిగెత్తలేదు. కుట్టుమిషను, బావ కుంచెలు, అన్నీ ఆ దుమ్ములో ఉన్నాయి. ఏడుపు రాక నోరు తెరుచుకుని నిలబడింది. పసుపు వానకోటు ఇంకా ముందుకే పోతుంటే, పట్టుకోవలసినది అదొక్కటే మిగిలినట్టు దాని వెంట నడిచింది. అతను అక్క వెంట నడిచాడు.

అది యార్డు ప్రహరీ దగ్గర ఆగింది. అమ్మ ఇంటి గోడ. మూడేళ్ళలో మొదటిసారి అతను రోడ్డు ఇవతలే నిలబడ్డాడు. గోడ మీది అక్క ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకసారి నడిచి చూసి, డబ్బా కింద పెట్టి, గోడలోనే చతికిలపడి, కళ్ళు మూసుకుంది. అక్కడే నడుమెత్తున ఒక పగులు. దాని మీద మట్టి కొట్టుకుపోయిన గాజు, రెండు ముక్కలై, ఇంకా అంటుకునే ఉంది. తేదీ అతను రాసిందే.

అక్క గోడ మీద చెయ్యి వేసింది. గట్టిగా తోసింది. "కొలువు," అంది.

"అక్కా..."

"కొలవమంటున్నాను."

అతను కార్డు తీసి పగులు మీద పెట్టాడు. ఆ రోజు ఏ గీతకి వచ్చిందో ఇవాళా ఆ గీతకే వచ్చింది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు. పక్కనే గొయ్యి తవ్వారు, మూడు గోడలు కూలగొట్టారు, లారీలు వచ్చి గుద్దాయి. ఈ గోడ మాత్రం ఉన్నచోటే ఉంది. అది ఉత్త పైపూత పగులు.

అక్క విరిగిన గాజు పక్కన వేలితో తడిమింది. "రెండోదేదిరా?"

అతను తల దించుకున్నాడు. "అతికించలేదు."

"మరి ఫోన్లో?"

"రెండూ విరిగాయని చెప్పాను. కొత్త ఉద్యోగం అక్కా, నాకేం తెలియదు. రాత్రికి గోడ అమ్మ మీద పడితే ఎలాగని భయమేసింది. ఒక్క రోజు ఆగలేకపోయాను."

అక్క చేతిలోని కత్తెర కింద పడింది.

"నేను నాలుగు అతికించాను. నువ్వు ఒక్కటి అతికించలేకపోయావా?"

అక్క గోడకి చేరబడి కూర్చుంది, పసుపు వానకోటు పక్కనే. కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు. దుమ్ము నెమ్మదిగా ముగ్గురి మీదా వాలుతోంది.

అతను సంచి దించాడు. డబ్బాలోంచి ఒక గాజుముక్క తీసి, చొక్కాతో తుడిచి, పగులు మీద, విరిగినదాని పక్కన, జిగురు పెట్టి అతికించాడు. ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాడు. మీద ఇవాళ్టి తేదీ వేశాడు.

"అది విరగదురా," అంది అక్క, అటు తిరిగే.

"తెలుసక్కా."

రెండోది అతికించాక ఒక రోజు ఆగి చూడాలి. అతను రోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ మీద, గోడకి ఎదురుగా కూర్చున్నాడు.