ఒంటరిగా తిరిగొచ్చే తాంబూలపు పెట్టె

నేను ఒక కంచు తాంబూలపు పెట్టెను. మొగలికోటలో నన్ను చూసి వణకనివాడు లేడు. నాకు కోరలు లేవు. లోపల ఆకులు, వక్కలు, సున్నపుకాయ, మూలగా ఒక చిన్న అర. అంతే.

కంచరి నన్ను పెళ్లిళ్ల కోసమని పోతపోశాడు. వీరభూపతి మహారాజు కంటపడ్డాను, నా రాత మారింది. ప్రాణాపాయమైన పని వచ్చినప్పుడల్లా సభ మధ్య నన్ను తెరిచి పెట్టేవారు. నాలోని తాంబూలం నోట పెట్టుకున్నవాడు ఆ పనికి వెళ్లి తీరాలి. ఏటి అవతల రాక్షసులదీ ఇదే ఆచారం.

ఆ అవతలి అడవిని తనకు వదలమని చెప్పడానికి రాజు నాలుగేళ్లలో నలుగురు రాయబారుల్ని పంపాడు. నాలుగుసార్లూ నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. రాక్షసులు మర్యాదస్తులు. నన్ను చింతపండుతో తళతళా తోమి, కొత్త ఆకులు నింపి, మూల అరలో రాయబారి ఉంగరం ఉంచి పడవలో పంపేవారు.

అయిదోసారి నన్ను తెరిచిపెట్టినప్పుడు సభలో ఒక్కడూ కదల్లేదు. అప్పుడు వచ్చాడు బొల్లన. పట్టపుటేనుగులకు పేర్లు పెట్టడం అతని ఉద్యోగం. పులిహోర దట్టంగా లాగించి, సభకు ఆలస్యమై, ఏ పెట్టెనో చూసుకోకుండా నాలో చేయి పెట్టి ఒక తాంబూలపు చిలక నోట్లో వేసుకున్నాడు.

"భళా బొల్లనా!" అన్నాడు రాజు.

"అయ్యో, భోజనమైంది కదాని నమిలాను ప్రభూ!"

"నీకు ఉంగరం ఉందా?"

"లేదు ప్రభూ."

"చేయిద్దాంలే."

పడవలో దారిపొడవునా అతని వేళ్లు నా మూత మీద టకటకలాడాయి. కొత్త ఉంగరం వదులై జారుతూనే ఉంది.

రాక్షసరాజు ఘర్ఘరుడు అరవలేదు, ఉరమలేదు. అతని గొంతు తేనెలా ఉంది. వెనక గోడకు అయిదు మేకులున్నాయి. నాలుగింటికి నాలుగు తలపాగాలు, నీటుగా మడతపెట్టి. అయిదోది ఖాళీ. వంటశాలలో పెద్ద గుండిగలో నీళ్లు మరుగుతున్నాయి.

"ముందు నువ్వు తిను నాయనా," అన్నాడు ఘర్ఘరుడు. "మేం తరవాత తింటాం."

బొల్లనకు అర్థమైంది. పక్కనున్న పీట ముందుకు జరిపాడు.

"ఒక్కణ్ణే తినడం మా ఇంట్లో అలవాటు లేదండీ. మీరూ కూర్చోండి."

మర్యాద మర్యాదే. ఘర్ఘరుడు కూర్చున్నాడు, పప్పన్నం తిన్నాడు. బొల్లన నాలోంచి ఆకులు తీసి, సున్నం ఒలకబోసుకుంటూ చిలక చుట్టి అందించాడు. రాక్షసుడు బుగ్గన పెట్టుకున్నాడు. పక్కనున్న ముసలి రాక్షసుల ముఖాలు నల్లబడ్డాయి.

"ఏ పెట్టెలోది తిన్నారో చూశారా అండీ?" అన్నాడు బొల్లన. "ఇక మా రాజు దగ్గరికి రాయబారం మీదే. మీకు దారి చూపడానికి నేను బతికుండాలి."

ఘర్ఘరుడు చాలాసేపు నమిలాడు. ఆచారం అతనిదే, తప్పడానికి లేదు. చివరికి నవ్వాడు. ఆ నవ్వుకు నా మూత అదిరింది.

మొగలికోట ద్వారాలు మాకోసం తెరుచుకున్నాయి గానీ, వీధుల్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వీరభూపతి చెమటలు కక్కుతూ విందు పెట్టాడు. ఘర్ఘరుడు వంచిన తల ఎత్తకుండా భోంచేసి, నన్ను తెరిచి రాజు ముందు పట్టుకున్నాడు.

"మీ కోరిక మీరే వచ్చి అడిగితే బాగుంటుంది మహారాజా. తాంబూలం తీసుకోండి."

భయానికి రాజు నోరు పిడచకట్టుకుపోయింది. మాట సగమే విన్నాడు. నలభై ఏళ్ల అలవాటు చేయి చాచింది. నమిలాక గాని సభ ఎందుకంత నిశ్శబ్దమైందో ఆయనకు తెలియలేదు.

బొల్లన దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు.

"ప్రభువులకు ఉంగరం ఉంది కదా?"

ఇప్పుడు నేను వీరభూపతి ఒడిలో ఉన్నాను. పడవ నడి ఏటికి చేరింది. ఎదురుగా కూర్చున్న ఘర్ఘరుడు, ఎండ తగులుతుంది, తలపాగా సరిచేసుకోమని రాజుకు ఎంతో మర్యాదగా చెబుతున్నాడు. నా మూల అర ఖాళీగా ఉంది. అవతలి ఒడ్డు నుంచి చింతపండు వాసన అప్పుడే తగులుతోంది.