గూడబాతు సంచిలో మాటలు

పొద్దున్నే సిస్టర్ కెజియా మందుల ట్రే పట్టుకుని భాగ్యశ్రీ మంచం దగ్గరికొచ్చి, రాత్రి నిద్ర పట్టిందా అమ్మా అని అడిగేది. పట్టలేదండీ అనేది పక్కనున్న అక్క సువర్ణ. ఇడ్లీ తిన్నావా అంటే, సగమే తిందండీ అనేదీ సువర్ణే. కెజియా తల తిప్పేది కాదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, భాగ్యశ్రీ ముఖంలోకే చూస్తూ ఊరికే కూర్చునేది. ఆ ఊరికే కూర్చోవడమే సువర్ణ కళ్ళలో కారం కొట్టేది.

తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది తను. దానికి ఆకలేస్తే ముందు తనకే తెలిసేది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి అడిగినవాటికీ తనే జవాబు చెప్పింది. అలాంటి పిల్ల, కైకలూరు దగ్గర తమ ఇంటి వెనక చేపల చెరువు గట్టున నిలబడి నిలబడి, మాటలు మానేసింది. ఓ సాయంత్రం నీళ్ళలోకి నడిచి వెళ్తుంటే మేత వేసేవాళ్ళు చూసి బయటికి లాగారు. అలా ఏలూరు ఆసుపత్రికి వచ్చారు.

వెనకే కొల్లేటి గూడబాతు ఒకటి కూడా వచ్చింది. భాగ్యశ్రీ ఎవరితోనూ అనలేక చెరువులో వదిలేసిన మాటల్ని అది ముక్కు కింది సంచిలో ఏరుకొచ్చేది. రెట్ట తుడవలేక ఆయా హన్నమ్మ సణిగేది గానీ, వాచ్‌మన్ దాన్ని ఆపలేదు, పాసులు మనుషులకేనట. అది కిటికీలో వాలి, కెజియా వచ్చి కూర్చున్నాకే నోరు తెరిచేది. మాటలు తడితడిగా ఆమె ఒళ్ళోకి జారేవి. ఆమె తల వంచి వినేది. భాగ్యశ్రీ పెదవుల మీద చిన్న నవ్వు కదిలేది. సువర్ణ కడిగి, దువ్వి, అన్నం తినిపించే ముఖం మీద నవ్వు మాత్రం ఇంకొకరిది.

సువర్ణ ఐసు డబ్బాలో చేదుపరిగె చేపలు తెప్పించి పక్షికి పెట్టింది. అది అన్నీ మింగి, ముక్కు గట్టిగా మూసుకుని ఎగిరిపోయింది.

"ఏం చెప్తోందండీ మీకు?" అని కెజియాని నిలదీసింది.

"అది మీ చెల్లెలుగారే చెప్పాలండీ. ఇప్పుడే ఇంటికి తీసుకెళ్ళకండి, ఒంటరిగా వదలకండి. డాక్టరుగారూ అదే అన్నారు."

"పెంచిన నాకంటే మీకు ఎక్కువ తెలుసన్నమాట."

"తెలీదండీ. అందుకే అడుగుతున్నాను."

ఆ మెత్తని మాటకే సువర్ణ ఒళ్ళు భగ్గుమంది. డాక్టరు వద్దన్నా వినకుండా, బాధ్యత నాదేనని సంతకం పెట్టి, చెల్లెల్ని ఆటో ఎక్కించింది.

గూడబాతు కూడా ఎక్కి ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆటో అతను అద్దంలో చూసి, దానికి కాస్త చోటివ్వండమ్మా అన్నాడు.

ఏంటే, ఏం కావాలే అని అడగబోయి సువర్ణ ఆగింది. ఎలా కూర్చుంటే ఈ పక్షి నోరు తెరుస్తుందో ఆమెకి తెలుసు. ప్రేమతో చూసేవాళ్ళు అంత వివరంగా చూడరు; ఆమె కుళ్ళుకుంటూ చూసింది. కెజియాలాగే చేతులు ఒళ్ళో పెట్టుకుంది, నోరు కట్టేసుకుంది. ఆటో పాత బస్టాండు దాటింది.

పక్షి నోరు తెరిచింది.

"అక్కా..." చెల్లెలి గొంతు, తడిగా. "అక్కా, నాకు..." "అక్కా, అది కాదు..." తను అడ్డొచ్చిన చోటే ఒక్కోటీ తెగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ కెజియా ఒళ్ళో పడ్డవన్నీ తనకోసం బయల్దేరినవే. సంచి అడుగున ఒక్కటే తెగకుండా మిగిలింది.

"అక్కా, ఈ చెరువు చూస్తుంటే దిగిపోవాలనిపిస్తోంది. నన్నిక్కణ్ణుంచి తీసుకెళ్ళిపో."

పిచ్చిమాటలు మాట్లాడకు అన్న జవాబు సువర్ణ నాలుక చివరిదాకా వచ్చింది. మింగింది. చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, వెనక్కి తిప్పవయ్యా అంది. సంచి ఖాళీ అయిన గూడబాతు తేలిగ్గా కొల్లేటి వైపు లేచిపోయింది.

కెజియా ఎందుకొచ్చారని అడగలేదు. మంచం మీద దుప్పటి పరిచి, భాగ్యశ్రీ ఎదురుగా కూర్చుంది.

"ఏమైనా తిన్నావా అమ్మా?"

ఆ చూపు తన చెల్లెలి మీద వాలగానే సువర్ణకి మళ్ళీ కళ్ళు మండాయి. అయినా పెదవి కొరుక్కుని కూర్చుంది. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది. చాలాసేపు తిరిగింది.

భాగ్యశ్రీ గొంతు సవరించుకుంది.

"అక్క పొద్దుట్నుంచీ ఏం తినలేదండీ."